టీ వేళ అధ్యక్షుడు

కార్తీకమాసం, బుధవారం, పగలు పన్నెండూ పది. మా మండల పరిషత్తు హాల్లో గోడ గడియారం ఆగిపోయి చాలాకాలమైంది కాబట్టి, ఇది ఎంపీడీవో గారి చేతి గడియారం చెప్పిన టైము. ఆ నిమిషాన నేను కుడిచెయ్యి పైకెత్తాను. నా చేత ఎత్తించిన మనిషి మాత్రం నాకెదురుగా మూడో వరసలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన మొన్న పోయాడు. పేపర్లో ఫొటో వేసి, ఎక్కడ పుట్టాడు, ఎక్కడెక్కడ పాఠాలు చెప్పాడు, శాసనమండలికి ఎప్పుడు గెలిచాడు అన్నీ రాశారు. మంగళగిరిలో సంతాపసభ పెడితే వెళ్ళాను. మైకు దొరికిన ప్రతివాడూ పేపర్లో ఉన్నదే మళ్ళీ చెప్పాడు. ఆయన ఎట్లా నిలబడేవాడో ఒక్కరూ చెప్పలేదు. టీ ఎందుకు మానేశాడో ఒక్కరికీ తెలిసినట్టు లేదు. నాకు నలభై దాటాక, మా పాస్టరమ్మగారు పలక పట్టి దిద్దిస్తే వచ్చాయి అక్షరాలు. నా రాత ఇప్పటికీ వంకరే. అయినా చూసినదాన్ని నేనే కాబట్టి నేనే రాయాలి.

పేరు మాత్రం పెట్టను. మా వైపు పేరు చెబితే ముందు ఏ పార్టీ అంటారు, ఆ తర్వాత ఏ కులం అంటారు. మనిషి దాకా వచ్చేసరికి వినేవాడికి ఓపిక అయిపోతుంది.

అందగాడేం కాదు. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి, పొడుగు చేతుల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉండేవాడు. బడిపంతుళ్ళ ఓట్లతో గెలిచిన ఎమ్మెల్సీ. మన రాష్ట్రానికి రెండు సభలు. ఎమ్మెల్యేలది శాసనసభ, ఎమ్మెల్సీలది శాసనమండలి. మొదటిది అందరికీ తెలుసు, రెండోది ఎవరికీ పట్టదు. ఎమ్మెల్యే కారు వస్తే ఊరంతా లేచి నిలబడేది. ఈయన బస్సు దిగితే, చిల్లర ఇవ్వడానికి కండక్టరు తప్ప ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. మా కాలనీ పక్క ఊరి నుంచి గెలిచిన మెంబరు కోటమ్మ నా చెవిలో అడిగింది: "ఎమ్మెల్సీ అంటే ఏందే? ఎమ్మెల్యేకి తమ్ముడా?"

ఆ మాట తర్వాతెప్పుడో ఆయనకి చెప్పాను. కోపం తెచ్చుకోలేదు. "తమ్ముణ్ణి కాదమ్మా, కౌలుదార్ని" అన్నాడు. "మా సభని ఒకసారి తీసేశారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీసేద్దామన్నారు. పోన్లే ఉండనీ అన్నారు. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలియకుండా సేద్యం చేసేవాణ్ణి కౌలుదారనే కదా అంటారు?"

నేను ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేసేదాన్ని. కాబట్టి ఆ మాట నాకు చప్పున ఎక్కింది.

ఆ దఫా మండలాధ్యక్ష పదవి మావాళ్ళలో ఆడవాళ్ళకి రిజర్వయింది. ఉపాధ్యక్షుడు వెంకట్రావు గారు నన్ను నిలబెట్టాడు, గెలిపించాడు, మీటింగులకి తన కారులో తీసుకొచ్చేవాడు. నేను పెద్ద కుర్చీలో కూర్చునేదాన్ని. ఆయన పక్క కుర్చీలో కూర్చుని అందరికీ సమాధానాలు చెప్పేవాడు. చివర్లో ఎక్కడ సంతకం పెట్టాలో వేలుతో చూపించేవాడు. వేలు ఎక్కడుంటే అక్కడ పెట్టేదాన్ని. ఇది మా ఒక్క మండలంలోనే జరిగిందని ఎవరూ అనుకోవద్దు.

ఎమ్మెల్యేలకీ ఎమ్మెల్సీలకీ మండలం మీటింగులో కూర్చునే హక్కు ఉంటుంది. హక్కుంది గానీ రారు. ఈయన వచ్చాడు. ఎంపీడీవో గారు కంగారుపడి స్టేజీ మీద కుర్చీ వేయించబోతే, "నేను సభ్యుణ్ణండీ, సభ్యుల్లోనే కూర్చుంటా" అని మూడో వరసలోకి పోయాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా!"

గొంతు హాలంతా మోగింది. వెంకట్రావు గారు "చెప్పండి సార్" అన్నాడు.

ఆయన చెప్పలేదు. "అధ్యక్షా, మాట్లాడటానికి అనుమతి కోరుతున్నాను" అన్నాడు.

"చెప్పండి సార్, మా దగ్గర అట్టాంటివేం లేవు."

ఆయన అట్లాగే నిలబడ్డాడు. మోకాళ్ళు బాగాలేవని చూస్తేనే తెలుస్తోంది. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మాత్రం నా వైపే. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. గోడ ఉంది.

"నిన్నేనే!" అంది కోటమ్మ.

పెద్దమనిషి కాళ్ళ నొప్పులతో నిలబడి ఉంటే మనం ఏమంటాం? నేనూ అదే అన్నాను. "కూర్చోండి సార్."

ఆయన కూర్చున్నాడు.

ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చున్నాడు. హాలంతా నవ్వు. నాకు అర్థం కాలేదు. రెండు నిమిషాలకి మళ్ళీ లేచి "అధ్యక్షా" అన్నాడు. పాపం ఎందుకు లేస్తాడో అనుకుని, ఈసారి ఇంకా మర్యాదగా, "పర్వాలేదు సార్, మీరు కూర్చోండి" అన్నాను. మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన చెప్పాలనుకున్నది చెప్పకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. అధ్యక్ష కుర్చీలో ఉన్నవాళ్ళు కూర్చోమంటే సభ్యుడు కూర్చోవాలట. మంత్రయినా సరే కూర్చోవాలట. మా ఊళ్ళో కూర్చోమంటే మర్యాద, వాళ్ళ సభలో కూర్చోమంటే ఇక నోరు మూసుకోమని. ఈ సంగతి తిరిగొచ్చేటప్పుడు మాతో కారెక్కిన ఎంపీడీవో గారు చెబితే నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు వినుకొండలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గడపలోనే అన్నాను: "తప్పయిపోయింది సార్, మిమ్మల్ని మాట్లాడనియ్యలేదు."

"నేను మండలిలో ఎంతోమందిని చూశానమ్మా. నీ అంత కఠినమైన అధ్యక్షురాలిని చూళ్ళేదు" అని ఒకటే నవ్వు. లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చి, "ఈయన్ని రెండుసార్లు కూర్చోబెట్టింది నువ్వేనా తల్లీ? ఆ మంత్రమేదో నాకూ చెప్పు" అంది.

ఆమె బాధ నిజమే. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, సభలో తప్ప బయట ఆయన ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. ఎదుటివాడు సగం చెప్పేలోపు మిగతా సగం తనే పూర్తిచేసేవాడు, అదీ తప్పుగా. పిల్లలకి పాఠం చెప్పినట్టు ప్రతిదీ రెండుసార్లు చెప్పేవాడు. ఇంట్లో ఉప్పు కావాలన్నా "అధ్యక్షా, ఈ పప్పు విషయం సభ దృష్టికి తెస్తున్నాను" అనేవాడట. ఆమె గరిటె ఎత్తి "ఆ ప్రశ్న తిరస్కరించడమైనది" అనేదట.

ఆమె నాకు టీ తెచ్చింది. ఆయనకి తేలేదు. అడిగితే అప్పుడు చెప్పాడు.

మండలికి ఛైర్మన్ ఉంటాడు, డిప్యూటీ ఛైర్మన్ ఉంటాడు. వాళ్ళిద్దరూ లేచి వెళ్ళినప్పుడు కుర్చీ ఖాళీగా ఉండకూడదు కాబట్టి, కొందరు సభ్యుల్ని ప్యానెల్ అని పెడతారు. ఈయన ఆ ప్యానెల్లో ఉన్నాడు. "పెద్దాయన ఎప్పుడు లేస్తాడమ్మా? టీకి లేస్తాడు. అప్పుడు కుర్చీ నాది. ఆయన టీ తాగొచ్చేదాకా నేను అధ్యక్షుణ్ణి. ఆ వేళకి నేనూ టీకి పోతే ఎట్టా? అందుకని మానేశాను. నన్ను అందరూ టీ ఛైర్మన్ అనేవాళ్ళు." ఇది చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఎగతాళిగా పెట్టిన పేరుని బంగారు కడియంలా తిప్పి తిప్పి చూపించాడు.

"ఆ కాసేపట్లో ఏం చేసేవాళ్ళండీ?"

"ఏమీ చేసేవాణ్ణి కాదు. అదే గొప్ప. కింద కూర్చున్నప్పుడు నేనూ అరిచేవాణ్ణి. పైకెక్కితే నోరు కట్టేసుకోవాల. కుర్చీ మాట్లాడకూడదమ్మా, మాట్లాడించాలి. గట్టిగా అరిచేవాణ్ణి కూర్చోబెట్టి, మూల కూర్చున్నవాణ్ణి లేపాలి." గొంతు తగ్గించాడు. "ఒక్కటే వెలితి. అటూ ఇటూ చేతులు సరిసమానంగా లేస్తే అప్పుడు కుర్చీ ఓటేస్తుంది. నాకు ఒక్కసారీ సమానం రాలేదు. టీ వేళకి ఓటింగు ఎవడు పెడతాడు?"

అప్పుడు నేను అసలు సంగతి చెప్పాను. మా మండలానికి ఒక సిమెంటు కల్లం మంజూరైంది. మిరపకాయలు ఆరబోసుకోవడానికి. పెద్ద రైతులకి సొంత కల్లాలున్నాయి. మా కాలనీ కౌలు రైతులం తారురోడ్డు మీద ఆరబోసేవాళ్ళం. లారీలు తొక్కేవి. అంతకుముందు మాఘంలో ముసురుపట్టి, ఎత్తేలోపు రోడ్డు మీద కాయంతా నాని తెల్లబడింది. మార్కెట్ యార్డులో ఆ కాయని ఎవడూ చేత్తో ముట్టుకోలేదు. ఇప్పుడు వెంకట్రావు గారు ఆ కల్లాన్ని తన కోల్డ్ స్టోరేజీ పక్కన వేయించాలని తీర్మానం రాయించాడు. మా చర్చి వెనక సర్కారు స్థలం ఖాళీగా ఉంది. వచ్చే మీటింగులో తేలుతుంది. "మీరు ఒక మాట వేస్తే చాలు సార్" అన్నాను.

"నేను వెయ్యను" అన్నాడు. "నువ్వే తేలుస్తావు. పోయినసారి నేను లేచింది కూడా అందుకే. ఆ కల్లం సంగతి మీ సభలో అందరూ మాట్లాడాక తేల్చమని అడుగుదామనుకున్నా. ఎండబెట్టకుండా మూట కడితే కాయ ఏమవుద్ది?"

"బూజుపడతది."

"మరి! కింది సభలో కోస్తారు, మా సభలో ఎండబెడతారు. రెండో సభ ఎందుకూ అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీ వెంకట్రావు తడికాయ మూట కడుతున్నాడు. దాన్ని విప్పి ఎండలో పొయ్యి. చాలు."

అని వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, నన్ను ఎత్తరుగు మీద కూర్చోబెట్టాడు. ఆయన ఒక కుర్చీలోంచి లేచి వెంకట్రావులా అరిచాడు. ఇంకో కుర్చీలోకి గెంతి కోటమ్మలా గొణిగాడు. వాళ్ళావిడ కొంగు దోపుకుని "అధ్యక్షా! నా గ్యాసు బండ వచ్చి ఎన్నాళ్ళయింది? ఈయన్ని నిలదీస్తున్నాను!" అని నిజంగానే గొడవకి దిగింది. నాకు నవ్వాగలేదు.

"నవ్వకు! ఆమెని కూర్చోబెట్టు!"

"అమ్మా, మీరు కూర్చోండి."

"అట్టా బతిమాలకూడదు. కోపంగానూ వద్దు. అన్నం వడ్డించేటప్పుడు ఇక చాలంటావే, అట్టా చెప్పాలి. కూర్చోండి. అంతే."

మధ్యాహ్నం దాకా చెప్పాను. చివరికి ఆమె నిజంగా కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు. ఇద్దరూ నా వంక చూస్తున్నారు, నేను ఏమంటానా అని. నా ఎదుట అట్లా ఎదురుచూస్తూ కూర్చున్న మనుషుల్ని అంతకుముందు నేను చూడలేదు.

మీటింగు రోజు రానే వచ్చింది. వెంకట్రావు గారి కారులోనే వచ్చాను. ఎజెండా కాయితాన్ని ఆయన అందుకోబోతే నేను తీసుకున్నాను. నేనే చదవడం మొదలుపెట్టాను. నా చదువు నడక కాదు, పాకడం. ఒక్కొక్క అక్షరమూ పట్టుకుని పోవాలి.

"అది చదివేలోపు పొద్దుగూకుద్ది. ఇటియ్యి దీనమ్మా" అన్నాడు వెంకట్రావు గారు.

మూడో వరసలో ఆయన లేచాడు. "అధ్యక్షా!"

ఈసారి నేను నోరు జారలేదు. "గౌరవ సభ్యులు మాట్లాడొచ్చు."

"అధ్యక్షా, ఈ సభకి తొందరేం లేదని మనవి చేస్తున్నాను. ఇంకొక్కటి. ఈ రోజు సభలో ఎవరెవరున్నారో పేరుపేరునా రాయించండి. టైము కూడా. రేపు నేనక్కడ లేను అని ఎవరూ అనకూడదు." అని కూర్చున్నాడు.

చదివాను. ఎంత సేపు పట్టిందో అంత సేపూ పట్టింది. తర్వాత ఒక్కొక్కరినీ మాట్లాడమన్నాను. ఎప్పుడూ నోరు విప్పని మా కాలనీ మెంబరు యోహాను లేచి, రోడ్డు మీద తడిసిన తన కాయ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వెంకట్రావు గారు మధ్యలో లేచాడు. "ఇదంతా దేనికయ్యా? కోల్డ్ స్టోరేజీ పక్కనైతే లారీకి దారుంది, కరెంటుంది, కాపలా ఉంది. చర్చి వెనక ఏముంది, తుమ్మచెట్లు!"

ఆయన చెప్పినదాంట్లోనూ నిజముంది. కానీ యోహాను ఇంకా నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి" అన్నాను.

వడ్డన చాలన్నట్టే అన్నాను. వెంకట్రావు గారు నా వైపు తిరిగాడు. నా ఎదుట ఆయన నిలబడి, నేను కూర్చుని ఉండటం అదే మొదలు. ఆయన కూర్చున్నాడు. యోహాను మిగతాది చెప్పాడు.

అటెండరు టీలు తెచ్చాడు. అందరూ తీసుకున్నారు. మూడో వరసలో ఆయన అడ్డంగా తల ఊపాడు. నేనూ వద్దన్నాను.

చేతులెత్తమన్నాను. కోల్డ్ స్టోరేజీ పక్కన కావాలన్నవాళ్ళు నలుగురు. చర్చి వెనక కావాలన్నవాళ్ళు నలుగురు. ఎంపీడీవో గారు మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ నాలుగూ నాలుగే. అందరి కళ్ళూ మూడో వరస మీద పడ్డాయి. ఎమ్మెల్సీ చెయ్యెత్తితే తేలిపోతుంది. ఆయనకి ఇక్కడ ఓటుందో లేదోనని ఎంపీడీవో గారు రూల్సు పుస్తకం తిరగేయడం మొదలుపెట్టాడు.

"వెతక్కండి" అన్నాడు ఆయన. "ఉన్నా ఎత్తను."

నాకు ఒళ్ళు మండింది. మా కాలనీ పంటంతా ఆ చేతి మీద ఉంటే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడా? అప్పుడు ఆయన మొహం చూశాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసినప్పటి మొహమే. ఎదురుచూస్తున్నాడు.

పక్కనించి వెంకట్రావు గారు మెల్లగా అన్నాడు. "దీనమ్మా, ఇంటికి ఎవరి కారులో పోతావో చూసుకో."

నా ఎకరం పక్కన చేలు ఆయనవే. కోతలకి మా కాలనీ ఆడవాళ్ళం పోయేది ఆయన చేలకే. కారు ఒక్కదాని గురించే కాదు ఆయన అన్నది. అది నాకూ తెలుసు, హాల్లో అందరికీ తెలుసు.

"పోయినేడు ముసురులో ఎవరి కాయ తడిసిందో వాళ్ళ దగ్గరే ఉండాలి కల్లం" అన్నాను. చెయ్యి ఎత్తాను. టైము రాయమన్నాను. పన్నెండూ పది అన్నాడు ఎంపీడీవో గారు.

బస్టాండులో ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. అక్కడ ఆయన్ని కడిగేశాను. "నా పానం తీశారు గదా సార్! మీరొక్కరు చెయ్యెత్తితే అయిపోయేది."

"అయిపోయేది. ఎమ్మెల్సీ చేయించాడని అయిపోయేది. రేపు నేను దిగిపోతే ఆ కల్లం కూడా ఎవరో ఒకరు దింపేసేవాళ్ళు. ఇప్పుడు దాన్ని దింపాలంటే నిన్ను కూర్చోబెట్టాలి. అది వాళ్ళ వల్ల అవుద్దా?" అని నావైపు ఒరిగి, చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఎట్టా ఉందమ్మా? సమానమొచ్చి చెయ్యెత్తుతుంటే లోపల ఎట్టా ఉంటది?"

"తడికాయ బస్తా ఒక్కదాన్నే నెత్తికెత్తుకున్నట్టుంది సార్."

"ఆహా!" అన్నాడు, తియ్యటిదేదో తిన్నట్టు. తర్వాత బడ్డీకొట్టు వైపు చూసి, "సభ ముగిసింది గదా. ఇప్పుడు టీ తాగుదాం" అన్నాడు. రెండు గ్లాసులు తాగాడు. తాగినంతసేపూ నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు.

వెంకట్రావు గారు ఆ యేడు మమ్మల్ని కోతలకి పిలవలేదు. పక్క ఊరి చేలకి పోయాం. తర్వాతి ఏడు ఆయనకి కూలోళ్ళు దొరక్క తనే కబురు పెట్టాడు. పంట విరగకాసిన ఒక యేడు సొంత కల్లం చాలక, ట్రాక్టరు మా చర్చి వెనక ఆపి, మీసం గోక్కుంటూ దిగాడు. "ఏమ్మా అధ్యక్షా, ఓ మూల చోటిస్తావా?" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. కానీ నేను సరేననేదాకా ట్రాక్టరు మీంచి ఒక్క బస్తా దించలేదు. నా పదవి అప్పటికే అయిపోయింది. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదో, అక్కర్లేదో.

ఇప్పుడా కుర్చీలో నాకంటే చాలా చిన్నది, డిగ్రీ చదివిన పిల్ల కూర్చుంటోంది. పక్క కుర్చీ తీసేయించింది. పోయిన మీటింగు చూడ్డానికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. టీ వచ్చినప్పుడు ఆ పిల్ల వద్దంది. ఎవరు నేర్పారని అడిగితే, "ఏమో అవ్వా, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు మీటింగయ్యేదాకా తాగరంట, ఇక్కడి ఆనవాయితీ అంట" అంది. ఆనవాయితీ అయ్యాక ఇక మనిషి పేరుతో దానికి పని లేదు.

ఆయన రాయించమన్నట్టే రాస్తున్నాను. ఆ బుధవారం పగలు పన్నెండూ పదికి ఆ హాల్లో ఉన్నవాళ్ళు: కోల్డ్ స్టోరేజీ పక్కన కావాలని చెయ్యెత్తిన వెంకట్రావు గారు, నరసయ్య, ఆదిలక్ష్మి, చిన కోటిరెడ్డి. చర్చి వెనక కావాలని ఎత్తిన యోహాను, కోటమ్మ, బాజీ, సుబ్బాయమ్మ. గడియారం చూసిన ఎంపీడీవో ప్రసాద్ గారు. టీలు తెచ్చిన అటెండరు మస్తాన్. మూడో వరసలో, టీ ముట్టకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకున్న గౌరవ సభ్యుడొకరు. అధ్యక్ష స్థానంలో, దీనమ్మ.